పిక్క లోతు

కిందటి నెలలో ఒక బుధవారం ఉదయం ఆరూ నలభైకి పాలాయన ప్యాకెట్ల సంచీ మా తలుపు గొళ్ళేనికి తగిలించి వెళ్ళాడు. సంచీ తీసుకుందామని తలుపు తెరిస్తే మెట్ల మీద మా మేనకోడలు పద్మ కూర్చుని ఉంది. బెల్లు కొట్టలేదేమే అంటే, "పడుకున్నావేమోనని అత్తా" అంది. రాజమండ్రిలో నేనుంటున్న ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా అరటిపళ్ళో, ఆనపకాయో, ఏదో ఒకటి మోసుకొస్తుంది. ఆ రోజు చేతిలో పల్చటి ప్లాస్టిక్ కవరు ఒక్కటే ఉంది. అందులో మడత పెట్టిన రంగు కాగితాలు. పై కాగితం మీద ట్రాక్టరు బొమ్మ. నేను పాలు గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టి, అవి పొంగేదాకా అటు తిరిగే నిలబడ్డాను.

పద్మ మా అన్నయ్య కూతురు. అన్నయ్య పోయేనాటికి దానికి రెండేళ్ళు నిండలేదు. వాళ్ళమ్మ, అంటే మా వదిన, నిరుడు కాలం చేసింది. ఇన్నాళ్ళూ కౌలుకిచ్చిన పొలాన్ని ఈ వానాకాలం సార్వా పంట నుంచి సొంతంగా చేసుకుందామని పద్మ భర్త శ్రీను కాకినాడలో లారీ పని మానేసి ఊరికొచ్చాడు.

"ఆయనేమో నలభై అయిదు హెచ్.పి. బండి అంటున్నాడత్తా. నాకేమో ఈ ఇరవై నాలుగుది చాలనిపిస్తోంది. మూడు రోజుల్నించి ఇంట్లో ఇదే గోల. చిన్నది కొంటే ఊళ్ళో బొమ్మ బండంటారంట. కాలవ వదిలేలోగా కావాలని శుక్రవారం తెచ్చేసుకుంటానంటున్నాడు. నువ్వు చదువుకున్నదానివి, ఏది కొనాలో చెప్పు."

"ట్రాక్టర్ల గురించి నాకేం తెలుసే?"

"నాన్న కొన్నప్పుడు తాతయ్యతో షాపుకెళ్ళింది నువ్వేగా. అమ్మ చెప్పేది."

వదినకు తెలిసింది అంతవరకే. అన్నయ్య ఎలా పోయాడని ఎవరు అడిగినా మా ఇంట్లో చెప్పే మాట ఒకటే, బండి తిరగబడింది అని. అది నిజమే. దానికి ముందు రోజు సాయంత్రం ఆ చేలో నేను చూసింది ఒకటుంది. అది నేను ఎవరికీ చెప్పలేదు, నాన్నకు కూడా. ఇప్పుడు పద్మ మొగుడు బండి దింపబోతున్నది అదే చేను. ఆ చేని అడుగున ఏముందో చెప్పగలిగినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను.

మాది నాలుగెకరాల ఇరవై సెంట్లు, ఆరు మడులు. కాలవ గట్టు దిగి, ఇటుకల తూము దాటి, రెండు పక్కలా పరాయి చేల మధ్య సన్నటి డొంక దారిన వెళ్ళాలి. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి నడవవలసిన దారి అది. ఆరో మడి మిగతావాటికంటే పల్లం. ఎప్పుడో అది కొబ్బరి పీచు నానబెట్టే గుంట అనీ, మా తాతగారి తండ్రి దాన్ని పూడ్చి మడి చేశాడనీ పెద్దవాళ్ళు అనేవారు. ఏ మేర పూడ్చాడో, దేనితో పూడ్చాడో ఎవరికీ తెలియదు. పైకి చూస్తే తేడా ఏమీ ఉండేది కాదు. పైగా ఆ మడి పల్లపు మూల వరి మిగతా చోట్లకంటే ఏపుగా ఎదిగేది. కోతల రోజుల్లో నాన్న ఆ మూల పనలు ప్రత్యేకంగా చేత్తో ఎత్తి చూసుకునేవాడు.

మా ఇంట్లో తెల్లవారడం అంటే నాన్న చుట్ట వాసన. దాని వెనకాల తరవాణి కుండ పులుపు, తడిసిన గడ్డి, పేడ. ఆయన లేవగానే ముఖం కడుక్కోకుండా కొట్టంలోకి వెళ్ళి, రెండు ఎద్దుల ముందు కాళ్ళ మీద భుజం నుంచి గిట్ట దాకా అరచేత్తో నిమిరేవాడు. ఎక్కడైనా వేడిగా తగిలితే ఆ రోజు కాడి కట్టేవాడు కాదు. మా ఇంట్లో కొలతబద్ద ఉండేది కాదు. ఏదైనా జానెడు, బెత్తెడు, మూరెడు, లేదా మోకాలి ఎత్తు, నడుం ఎత్తు. గోడ మీద మేకు కొట్టాలన్నా ఆయన వచ్చి పక్కన నిలబడి, "నా చెవి దగ్గర కొట్టు" అనేవాడు. అమ్మ బియ్యం కొలిచేది కూడా దోసిళ్ళతోనే. నేను కాలేజీలో సెంటీమీటర్లు చదువుకుని వచ్చి ఇంట్లో ఆ మాట అంటే అన్నయ్య, "మా చెల్లాయ్ పులుసులో ఉప్పు కూడా సెంటీమీటర్లలో వేస్తుంది" అని వెక్కిరించేవాడు.

మడి తొక్కడం కూడా అలాంటి కొలతే. మా వైపు అందరూ చేసేవారో లేదో నాకు తెలియదు, మా వంశంలో మాత్రం తప్పకుండా చేసేవారు. కాలవ వదిలి, చేలో నీళ్ళు పెట్టి, మూడు రోజులు నానిన తరవాత, బురద దున్నే దమ్ముకి ఎద్దుల్ని దింపే ముందు ఇంటి పెద్ద ఖాళీ కడుపుతో ప్రతి మడిలోకీ దిగాలి. నాలుగు మూలలా, నడి మధ్యలో, ఒంటికాలి మీద నిలబడి పది లెక్కపెట్టాలి. చీలమండ దాకా దిగితే మామూలు నేల. పిక్క దాకా దిగితే ఎద్దులు నెమ్మదిగా వెళతాయి, ఫర్వాలేదు. మోకాలు దాటితే అక్కడ వావిలి కొమ్మ పాతి, ఆ మేరంతా పారతోనే తవ్వుకోవాలి. తొక్కిన మనిషి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకముందే అందరి ఎదుటా ఎంత దిగిందో చెప్పాలి. కాలి మీద బురద గీత ఉంటుంది కనక ఎవరూ తప్పు చెప్పడానికి వీల్లేదు. చిన్నప్పుడు అమ్మా నేనూ అరుగు మీద కూర్చుని నాన్న కాళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళం. ఆయన గుమ్మం ముందు ఆగి, కాలు కాస్త ముందుకు చాపి, "మోకాలు దాటలేదు" అనేవాడు. అప్పుడు అమ్మ చెంబు అందించేది.

అన్నయ్య పేరు సత్యం. ఊళ్ళో సత్తిబాబు అనేవారు. నాకంటే ఏడేళ్ళు పెద్ద. నవ్వకుండా అన్నం తినలేని మనిషి. వాడికి ట్రాక్టరు మీద మనసు పడింది. అప్పటికి మా ఊళ్ళో రెండే ఉండేవి, రెండూ పెద్ద రైతులవి. కాలవ వదిలాక ఊరందరికీ అదే పది రోజుల్లో దమ్ము పడాలి, ఎద్దులు చాలవు, మనుషులు దొరకరు. మన పని అయ్యాక నలుగురి చేలూ దున్నిపెడితే సంవత్సరమంతా పని ఉంటుందని వాడి లెక్క. నాన్న వద్దనలేదు. "ఏదైనా మన డొంకలో పట్టాలి, మన చేలో నిలబడాలి" అన్నాడు, అంతే.

రావులపాలెంలో ఉన్న షాపుకి ముగ్గురం వెళ్ళాం. కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, చదివి చెప్పాలని నన్ను తీసుకెళ్ళారు. నాన్న తనతో ఒక నులక తాడు తెచ్చాడు. దానికి మూడు ముళ్ళు వేసి ఉన్నాయి. మొదటి ముడి దాకా డొంక వెడల్పు, రెండో దాకా తూము వెడల్పు, మూడో దాకా మడి మూలలో ఎద్దులు తిరిగే మేర. షాపులో అమ్మకాలు చూసే ఆయన, తెల్ల చొక్కా మనిషి, నాన్న పెద్ద బండి చక్రాలకు అడ్డంగా తాడు పట్టుకోవడం కాసేపు చూశాడు.

"తాడుతో కొలిచి పడవలు కొంటారండీ, ట్రాక్టర్లు కాదు."

"దీని బరువెంతండి?" అన్నాడు నాన్న.

"నలభై అయిదు గుర్రాల బలమండి."

"బలం కాదండి. బరువు."

"బరువుతో మీకేం పనండీ, ఇంటిదాకా నెత్తినెట్టుకెళతారా ఏంటి?"

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. నాన్నకి కోపం రాలేదు. నా వైపు తిరిగి, "అందులో రాసుంటుంది చూడమ్మా" అన్నాడు. కాగితం వెనకవైపు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. రెండు టన్నులకు కాస్త తక్కువ. షాపు మూల దుమ్ము పట్టిన చిన్న బండి ఇంకొకటి ఉంది, పద్దెనిమిది హెచ్.పి. ఎవరూ అడగడం లేదని లోపలికి నెట్టేశారు. దాని కాగితం కూడా తెప్పించి చదివాను. ఏడెనిమిది వందల కిలోలు. నాన్న కాసేపు మనసులో ఏదో కూడుకున్నాడు. "అంటే మన ఎద్దులు రెండూ కలిపినంత" అన్నాడు. వెళ్ళి ఆ చిన్న బండి ముందు భాగాన్ని పైనుంచి కిందికి అరచేత్తో నిమిరాడు. అన్నయ్య తల పక్కకి తిప్పుకున్నాడు.

వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరూ నా అటూ ఇటూ కూర్చుని వాదించుకున్నారు. 

"ఏనుక్కి బలం ఉంటుంది నాన్నా. బురదలో దిగినా లేస్తుంది. మేక దిగితే లేస్తుందా?"

"ఏనుగు దిగబడే చోట మేక అసలు దిగబడదురా."

"మేకతో ఊరందరి పొలం దున్నుతామా? మన నాలుగెకరాలకైతే ట్రాక్టరే అక్కర్లేదు."

ఆ చివరి మాటలో తప్పేమీ లేదు. ఇప్పటికీ తప్పు కనిపించదు నాకు. చిన్న బండి ధాన్యం నింపిన ట్రైలరు తొట్టెని కాలవ గట్టు మీదికి లాగలేదు. పరాయివాళ్ళ ఎకరాలు పది రోజుల్లో ముగించలేదు. అందరికీ తెలిసిన లెక్కలన్నీ పెద్దదాని వైపే ఉన్నాయి. చిన్నదాని వైపు నాన్న అడిగిన ఒక్క ప్రశ్నే ఉంది. రెండు వారాలు ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. తరవాత ఒక మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ నాన్న, "సరే, నీకు నచ్చిందే తెచ్చుకో. మన చేలో దింపే ముందు మాత్రం మడి తొక్కి చూడాలి" అన్నాడు. "అలాగే నాన్నా" అన్నాడు అన్నయ్య. తరవాత్తరవాత ఊళ్ళో వాళ్ళు ఈ కథని పెద్దల మాట వినని కుర్రాడి కథగా చెప్పుకున్నారు. వాడు ఆ మాట విన్నాడు. విన్నందువల్లే ఆ మడిలో దిగాడు.

బండి వచ్చిన రోజు తూము మీద అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు ఖాళీతో దాటింది. నాన్న ముందు నడుస్తూ రెండు చక్రాల్నీ మార్చి మార్చి చూశాడు. దాటాక అన్నయ్య పైనుంచి, "చూశావా నాన్నా, నీ తాడు చెప్పినట్టే విన్నది" అన్నాడు. ఎద్దులు ఆ చప్పుడుకి మూడు రోజులు కుడితి ముట్టలేదు. నాలుగో వారంలో వాటిని అమ్మేశారు. కొనుక్కున్నవాళ్ళు తోలుకెళుతుంటే నాన్న ఇంట్లోనే ఉండిపోయాడు. డీజిలు పీపా పెట్టడానికి వేరే చోటు లేక వసారాలో బియ్యం డబ్బా పక్కనే పెట్టారు. పది రోజులయ్యేసరికి అన్నంలో ఆ వాసన మొదలైంది. అమ్మ నాలుగు నీళ్ళు పోసి కడిగినా పోయేది కాదు. తరవాణి కుండ జరిపింది, డబ్బా జరిపింది. ఎవరూ పీపా జరపలేదు. అన్నం ముద్ద నోటి దగ్గరికి తీసుకున్నప్పుడు ఒక క్షణం ఆగడం అందరికీ అలవాటైపోయింది.

ఖాళీ కొట్టం కప్పు విప్పుతుండగా నాన్న అరికాల్లో వెదురు పేడు దిగింది. పాదం వాచింది, నేల మీద మోపలేకపోయాడు. అప్పటికే కాలవ వదిలారు. అన్నయ్య తెల్లవారితే వాళ్ళ చేలో, వీళ్ళ చేలో దమ్ము చేస్తున్నాడు. మా మడులు నాని మూడు రోజులైంది. "అమ్మాయి తొక్కొస్తుందిలే" అన్నాడు నాన్న మంచం మీంచి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. ఆడపిల్ల తొక్కడం ఏమిటని అమ్మ అంటే, "కాలు కాలే" అన్నాడు.

నేను మధ్యాహ్నం ఏమీ తినకుండా, సాయంత్రం నాలుగు దాటాక వెళ్ళాను. అయిదు మడుల్లోనూ చీలమండ దాటలేదు. ఆరో మడి పల్లపు మూలలో ఒంటికాలి మీద నిలబడ్డాను. చీలమండ దాటింది. ఆగింది. మళ్ళీ కాస్త దిగింది. పిక్క దాకా వచ్చి ఆగిపోయింది. పది లెక్కపెట్టాను. తరవాత కాలు మార్చాను. మార్చినప్పుడు నాకు నాలుగు బారల దూరంలో, ఎవరూ లేనిచోట, నీళ్ళు కదిలాయి. గాలి లేదు. చేపేమో అనుకున్నాను. మళ్ళీ కాలు మార్చి చూశాను. మళ్ళీ అక్కడే కదిలాయి. నా కాలి కింద నేల అంత దూరం దాకా ఒకటిగా ఊగుతోందని నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం కాలేదు గాని, అది మామూలుగా లేదని తెలిసింది. ఇంటికి నడుస్తున్నంతసేపూ దాన్ని గురించే ఆలోచించాను.

ఇంటికొచ్చేసరికి అన్నయ్య అరుగు మీద పద్మని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెసరట్టు తినిపిస్తున్నాడు. నా కాళ్ళ వైపు వంగి చూశాడు.

"ఎంతే చెల్లాయ్?"

"పిక్క దాకా. ఫర్వాలేదన్నయ్యా."

"మోకాలు దాటలేదు కదమ్మా?" అన్నాడు నాన్న లోపలినుంచి.

"దాటలేదు నాన్నా."

"అయితే దింపరా."

నీళ్ళు కదిలాయని చెప్పలేదు. దాచాలని కాదు. ఎంత దిగిందన్నదే మా ఇంట్లో అడిగే ప్రశ్న. నీళ్ళ సంగతి ఎవరూ ఎప్పుడూ అడగలేదు, ఎవరూ ఎప్పుడూ చెప్పగా నేను వినలేదు. మొదటిసారి నాకప్పజెప్పిన పని, లేనిపోనిది చెప్పి నవ్వులపాలవుతానేమో అని కూడా ఉంది. అన్నయ్య నవ్వితే ఏమవుతుందని ఇప్పుడనిపిస్తుంది.

మర్నాడు పది గంటలప్పుడు వాడికి చద్దన్నం క్యారేజీ పట్టుకెళ్ళాను. అయిదు మడులు అయిపోయాయి. ఇనుప చక్రాలు తిరుగుతుంటే బురద నల్లగా విరుగుతోంది, వెనకాల కొంగలు వాలుతున్నాయి. ఆరో మడిలో రెండు చుట్లు బాగానే తిరిగాడు. మూడో చుట్టులో ఆ మూలకి వచ్చేసరికి వెనక చక్రాలు రెండూ ఒకేసారి కూరుకుపోయాయి. ఇంజను ఆపి దిగాడు. తొడ దాకా దిగిన బురదలో నిలబడి నన్ను చూసి నవ్వాడు. "ఏమే, నీ పిక్క ఇంత పొడుగనుకోలేదు" అన్నాడు. కొంగలు గట్టు మీదికి వెళ్ళిపోయాయి.

ఎడ్లబండి దిగబడితే చక్రాల కింద దుంగ తోసి పైకి లేపడం మా వాళ్ళందరికీ తెలిసిన పని. అన్నయ్య గట్టు మీదున్న తాటి దుంగ దొర్లించుకొచ్చి రెండు వెనక చక్రాలకీ ముందు అడ్డంగా పెట్టి గొలుసుతో కట్టాడు. చక్రం తిరిగితే దుంగ కిందికి పోతుంది, బండి దాని మీద ఎక్కి బయటికొస్తుంది. ఎడ్లబండి చక్రాన్ని ముందునుంచి ఎద్దులు లాగుతాయి. ట్రాక్టరులో చక్రాన్ని తిప్పేది బండే. చక్రం కదలకపోతే ఆ బలమంతా బండినే పైకి లేపుతుంది. ఇది నాకు తరవాత తెలిసింది. వాడు ఎక్కి కూర్చుని ఇంజను పెద్దగా చేశాడు. నేను గట్టు మీద కూర్చుని క్యారేజీ మూత తిప్పుతున్నాను. ముందు చక్రాలు నీళ్ళలోంచి లేచాయి. మూత ఊడి వచ్చేలోగా అయిపోయింది.

బండిని లేపడానికి ఊళ్ళో మిగిలిన ఎద్దుల జతలన్నీ తెచ్చారు. మా పాత ఎద్దులు కూడా వచ్చాయి.

పదకొండో రోజు కార్యాలయ్యాక నాన్న కర్ర పట్టుకుని, పాదానికి గుడ్డ చుట్టుకుని చేలోకి బయల్దేరాడు. వద్దంటే వినలేదు. నేను వెనకాల వెళ్ళాను. గుడ్డ విప్పి, ఆ మూలకి కాస్త ఇవతల ఒంటికాలి మీద నిలబడ్డాడు. పెదాలు కదుపుతూ పది లెక్కపెట్టాడు. బయటికొచ్చి కాలు చూసుకున్నాడు. బురద గీత పిక్క దగ్గరే ఉంది. "నేను దిగినా అదే చెప్పేవాణ్ణమ్మా" అన్నాడు. నా మీద నింద ఉండకూడదని అన్నాడు. ఆయన నేల చూసుకున్నాడు, కాలు చూసుకున్నాడు. అటువైపు నీళ్ళు కదలడం నేను గట్టు మీంచి మళ్ళీ చూశాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఆ తరవాత ఆయన బతికిన పదేళ్ళలో ఏదో ఒక పూట చెప్పి ఉండవచ్చు. పొలం కౌలుకిచ్చేశాం. వాళ్ళు చిన్న టిల్లర్లతో చేసుకున్నారు. వాటికేమీ కాలేదు. ఏమీ కాకపోవడంతో చెప్పవలసిన అవసరం కూడా కనిపించలేదు.

నేను లైబ్రరీలో ఉద్యోగం చేశాను. ఇరవై తొమ్మిదేళ్ళు పుస్తకాలు అరల్లో సర్దాను, చాలా చదివాను. ఒకసారి వ్యవసాయ యంత్రాల పుస్తకం కొత్తగా వస్తే నంబరు వెయ్యడానికి తెరిచాను. మధ్యలో ఒక బొమ్మ ఉంది. వెనక చక్రాలు కదలకుండా బిగిసిపోతే ట్రాక్టరు ఎలా పైకి లేచి తిరగబడుతుందో బాణం గుర్తులతో గీశారు. పక్కన బరువును బట్టి నేలను ఎంచడం గురించి రెండు పేరాలు. పై పొర గట్టిగా ఉండి కింద ఊబి ఉంటే మనిషికి తెలియదనీ, మనిషి అడుగు వేస్తే దూరాన నీళ్ళు కదలడమే దానికి గుర్తనీ అందులో రాశారు. ఆ వాక్యం రెండుసార్లు చదివి, పుస్తకానికి నంబరు వేసి, అరలో పెట్టాను. నాన్న షాపులో అడిగిన ప్రశ్న సరైనదే. జవాబు కూడా దొరికింది. మా కాలి కొలత జత ఎద్దుల బరువు కోసం ఎవరో ఎప్పుడో పెట్టుకున్నది. ఆ చిన్న బండి తెచ్చి ఉంటే ఆ కొలత దానికి కూడా సరిపోయేది. మేము పెద్ద బండి తెచ్చి, పాత కొలతతో చూసి, ధైర్యం తెచ్చుకున్నాం. జాగ్రత్త పడ్డామనే అనుకున్నాం, అందరం.

ఇదంతా పద్మకి చెప్పాను. నీళ్ళ సంగతి కూడా చెప్పాను. టీ తాగకుండా వింది. ఏడవలేదు, నీ తప్పేముందత్తా అనలేదు. చివరికి, "ఎంత దూరంలో కదిలాయి?" అని అడిగింది. నాలుగు బారలన్నాను. కాగితాలు తిప్పి వెనకవైపు అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదివింది. ఇరవై నాలుగుది ఎనిమిది వందల చిల్లర కిలోలు. నలభై అయిదుది రెండు టన్నుల పైన. శ్రీనుకి ఫోన్ చేసి, "ఎక్కడికీ ఎళ్ళకు. అత్తా నేనూ వస్తున్నాం" అంది.

చేలో ఇంకా నీళ్ళు లేవు. ఎండకి నెర్రెలు విచ్చి ఉంది. నేను ఆ గట్టు మీద నిలబడి చాలా ఏళ్ళయింది. శ్రీను నాకు కుర్చీ తెప్పించి, తను గొడుగు పట్టుకుని నిలబడి, ఎంతో మర్యాదగా విన్నాడు.

"అవన్నీ పాత రోజులండి అత్తయ్యగారు. ఇప్పటి బండ్లు నాలుగు చక్రాలూ లాగుతాయండి. ఆయ్, వెనక్కి లేచేదే లేదండి."

"దిగబడేది ఉందా లేదా?" అంది పద్మ.

అతను పక్క చేలో బోరు వేసినవాళ్ళ దగ్గర్నించి పొడుగాటి ఇనుప కడ్డీ అడిగి తెచ్చాడు. నేను చూపించిన మూలలో సుత్తితో కొట్టాడు. మొదటి మూర గట్టిగా ఉంది, ఒక్కో దెబ్బకి వేలెడు దిగింది. తరవాత సుత్తి అక్కర్లేకపోయింది. రెండు చేతులతో నొక్కితే జారిపోయింది. అతని ఎత్తు దాకా దిగాక కూడా అడుగు తగలలేదు. బయటికి లాగితే ఆ మండుటెండలో కడ్డీ నల్లగా తడిగా వచ్చింది, కుళ్ళిన పీచు వాసనతో. శ్రీను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. గొడుగు ఎప్పుడు కింద పెట్టాడో నేను గమనించలేదు.

"పెద్దదే కొని, మిగతా మడుల్లో తిప్పుతాను. ఇటు రానివ్వను" అన్నాడు.

"ఒక ఏడు రావు. రెండేళ్ళు రావు. అలవాటయ్యాక ఓ రోజు వస్తావు" అంది పద్మ.

"బొమ్మ బండంటారే ఊళ్ళో."

"అననీ. బొమ్మ బండి మీద మొగుడు బతికుంటాడు."

శుక్రవారం ఇరవై నాలుగు హెచ్.పి. బండి తెచ్చుకున్నారు. తూము మీద రెండు పక్కలా చోటు మిగిలిందని పద్మ ఫోన్ చేసి చెప్పింది. వచ్చే ఏడు చూసుకుని పెద్దదానికి మార్చేద్దామని శ్రీను అప్పుడే అంటున్నాడంట. నాన్న రోజుల్లో నేల గురించి తెలుసుకోవాలంటే చెప్పులు విప్పాలి. ఇప్పుడు కడ్డీ ఉంది, కావాలంటే మట్టి పరీక్ష చేసేవాళ్ళున్నారు, ఫోనులో చూపించేవాళ్ళున్నారు. తెలుసుకోవడం తేలికైంది. చూసింది చెప్పడం అప్పుడెంత కష్టమో ఇప్పుడూ అంతే. పద్మ అంతకుముందు వారానికి రెండుసార్లు ఫోన్ చేసి నేనేం తిన్నానో, మాత్రలు వేసుకున్నానో లేదో అడిగేది. ఆ బుధవారం తరవాత చేసినప్పుడల్లా పొలం సంగతులే చెప్పి పెట్టేస్తోంది. నేనూ మాట పొడిగించడం లేదు. దానికి తండ్రి ముఖం గుర్తులేదు. నాకు పెసరట్టు ముక్కలు తుంచుతున్న వాడి వేళ్ళు కూడా గుర్తున్నాయి. దానికి నా మీద కోపం వచ్చే హక్కుంది.

కాలవ వదలడానికి రెండు రోజుల ముందు ఆ మూల చుట్టూ మోకాలెత్తు గట్టు వేయించారు. కొలిస్తే పన్నెండు సెంట్లు వచ్చింది. లోపల తుంగ మొలిచింది. ఆ పన్నెండు సెంట్లూ ఇప్పుడు దున్నడం లేదు.